అమ్మోరు లెక్క పెడుతుందా?

రుచిత కాళ్లకు కుదురు లేదు. ఊళ్లో అందరూ అనే మాటే ఇది, కొత్తేం కాదు. అన్నం తినడానికి కూర్చుంటే బొటనవేళ్లు ఆడుతుంటాయి. ఆటో కోసం చిట్కుల్ రోడ్డు మీద నిలబడితే మడమలు లేచి పడుతుంటాయి. పాలకూర మడిలో వంగి కోస్తున్నప్పుడు కూడా, పక్క చేలో మందు కొట్టే మోటారు టకటకమన్నదంటే చాలు, ఆ చప్పుడుకు ఆమె నడుము తనంతట తానే జవాబు చెబుతుంది.

"గీ పిల్ల కాళ్లల్ల చీమలు గూడు వెట్టినయే," అనేది వాళ్లమ్మ ముత్యమ్మ. నవ్వుతూ అనేది కాదు.

వాళ్ల పొలం ఒకసారి చూడాలి మీరు! ఒక వైపు మందుల కంపెనీ ప్రహరీ, ఇంకో వైపు ప్లాట్లకు పాతిన తెల్లరాళ్లు. ఆ రెంటి మధ్య ఇరుక్కుని పచ్చగా కొన్ని మళ్లు. పాలకూర, మెంతికూర, కొత్తిమీర. దాన్ని బాయికాడ అంటారు. బావి ఎప్పుడో ఎండింది, అందులో చెత్త కూడా నిండింది, బోరు వేసి చాలా ఏళ్లయింది. అయినా పొలానికి పోవడమంటే ఇప్పటికీ బాయికాడికి పోవడమే. ఆ బోరు కూడా ఉమ్మడిది. రుచిత తండ్రి బాలరాజ్‌కు, ఆయన అన్న యాదన్నకు కలిపి ఒకటే. నీళ్ల వంతు ముందెవరిదంటే యాదన్న మాటే చెల్లుతుంది. బాలరాజ్ ఒక కంపెనీ గేటు దగ్గర వాచ్‌మన్. ఇంట్లో కూడా ఆయన గేటు దగ్గర ఉన్నట్టే ఉంటాడు, ఎవరేమన్నా తలూపి లోపలికి వదిలేస్తాడు. అందుకని మడి తడపడం దగ్గర్నుంచి బావతో నీళ్ల కోసం కొట్లాడటం దాకా అన్నీ ముత్యమ్మ నెత్తి మీదే.

ఆమె నడిస్తే ఒక్క అడుగు వృథాగా పడదు. గట్టు మీద నడుస్తూనే కలుపు పీకుతుంది, మాట్లాడుతూనే కట్ట కడుతుంది. అలాంటి మనిషికి పుట్టిన పిల్ల, అప్పుడే విత్తిన కొత్తిమీర మడిలో గిరగిరా తిరిగి విత్తనాలన్నీ తొక్కేస్తే ఎలా ఉంటుంది చెప్పండి? చిన్నప్పుడు రుచిత చేసింది అదే. ముత్యమ్మ వీపు మీద ఒకటి వేసి, మళ్లీ ధనియాలు రుబ్బుడు రాయి మీద నలిపి, ఆ పిల్ల చేతనే మడంతా విత్తించింది. ఏడుస్తూ విత్తింది. విత్తుతూ విత్తుతూ ఏడుపు మరిచిపోయి, చెయ్యి ఊపులో ఒక వరస దొరికి మళ్లీ ఎగిరింది. మళ్లీ ఒకటి పడింది.

అక్కడిదాకా అయితే ఏ ఇంట్లోనైనా ఉండేదే. అసలు తెగింది మాత్రం ఎనిమిదో తరగతిలో.

బడిలో వార్షికోత్సవం. రుచిత ముందు వరసలో, నడిమధ్య. మెరుపుల లంగా, నెత్తిన కనకాంబరాలు. పాట మొదలైంది. ముత్యమ్మ బాయికాడి నుంచి నేరుగా వచ్చింది, మోకాళ్ల దాకా బురద, కొంగు నడుముకు చెక్కి ఉంది. కూతురు ఆడుతుంటే మొదట నోరు తెరిచి చూసింది కూడానట. ఆమె పక్కన నిలబడ్డ వాళ్లు చెప్పారు. అంతలో వెనక గోడ మీద కూర్చున్న పోరగాళ్లు ఈల వేశారు. ఒకడు రుచిత పేరు పెట్టి అరిచాడు. అంతే, ముత్యమ్మ గబగబా స్టేజీ ఎక్కి, పిల్ల మణికట్టు పట్టుకుని, మెట్లు దింపి, గేటు దాటించి తీసుకుపోయింది. ఒక్క మాటన్నది లేదు. పాట ఆగలేదు. మిగిలిన పిల్లలు నడిమధ్య ఒక మనిషంత ఖాళీ వదిలి ఆడుతూనే ఉన్నారు. గేటు దాటుతూ వెనక్కి తిరిగి చూసిన రుచితకు ఆ ఖాళీ కనిపించింది.

ఆ రోజు నుంచి తల్లీకూతుళ్ల మధ్య మాటలు పొలం పనికి సరిపడినన్నే మిగిలాయి. "నీళ్లు కట్టు." "మోటర్ బందు వెట్టు." "కట్టల మీద గోనె కప్పు." ఒకే చాప మీద పడుకుని, ఒకే ఆటోలో పటాన్‌చెరు మార్కెట్‌కు పోయి, ఒకే గంప చెరో వైపు పట్టుకుని దించుతారు. ఒకరి ముఖం ఒకరు చూసుకోరు.

ఇంటర్ అయ్యాక రుచితకు కాళ్లే కాదు, మనసు కూడా నిలబడటం మానేసింది. డిగ్రీ దూరవిద్యలో చేరింది. పుస్తకం తెరిస్తే అక్షరాలు వరసలు కట్టి ఆడేవి. అప్పుడే గజాలా దొరికింది. దొరకడమేమిటి, ఇంటర్‌లో ఒకే బెంచీ వాళ్లిద్దరూ. గజాలా ఇప్పుడు ఇస్నాపూర్ చౌరస్తాలో వాళ్ల నాన్న టైలరింగ్ దుకాణంలో కుడుతుంది. ఆ దుకాణం మీది అంతస్తులోనే డ్యాన్స్ క్లాసు. పైన స్పీకర్ మోగితే కింద కత్తెర్లు కదులుతాయి. కూర ఆటో ఎక్కించి వచ్చే దారిలో రుచిత ఆ దుకాణంలో కాసేపు నిలబడేది. నిలబడటం ఆమెకు వచ్చినంత వరకే అనుకోండి.

"అరే, నీ కాళ్లు గీడ కొట్టుకుంటుంటె నా సూది తప్పుతున్నదే," అన్నది గజాలా ఒకనాడు. "కిందుండి నన్ను పరేషాన్ చేస్తవెందుకు? పైకి పో, పాగల్!"

పైకి పోయింది. ఆ క్లాసు నడిపేది ఇంద్రజ మేడమ్, జోగిపేట మనిషి. కంపెనీ స్టాఫ్ పిల్లలకు నేర్పుతుంది. గుమ్మం దగ్గర చెప్పులు చేత్తో పట్టుకుని నిలబడ్డ రుచితను చూసి ఏమీ అడగలేదు. "వెనక వరసల నిలవడు. చూసినంత చెయ్యి," అంది. రుచిత చూసినంత చేయలేదు, చూసిన దానికి ఇంకొంచెం కలిపి చేసింది. మేడమ్ పాట ఆపి, "ఇది ఏడ నేర్చినవ్?" అని అడిగింది. "పాలకూర మడిల మేడం," అంది రుచిత. పిల్లలంతా పకపకా నవ్వారు. మేడమ్ నవ్వలేదు.

అలా కొన్నాళ్లు సాగింది. ఇంట్లో చెప్పకుండానే. చివరికి ఒక రోజు ఇంద్రజ మేడమ్ ఆమెను పక్కకు పిలిచింది.

"పటాన్‌చెరుల ఇంకో క్లాస్ పెడుతున్న. చిన్న పిల్లలది. నేర్పెతందుకు ఒక మనిషి కావాలె. నువ్వొస్తవా?"

రుచిత తలూపింది. ఒకసారి కాదు, బొమ్మలాగా ఊపుతూనే ఉంది.

"ఆగు ఆగు, తల ఊడి పడేటట్టుంది. నీ డ్యాన్స్ మీద నాకు డౌట్ లేదు. మీ ఇంటి మీద ఉంది. ఇంతకుముందు చెప్పకుండ వచ్చిన ఒక పిల్లను పెట్టుకుంటె, ఆమె అన్న వచ్చి నా స్పీకర్ ఎత్తేసిండు. మీ అమ్మ వచ్చి నా ముందట 'పంపుత' అనాలె. అన్ననాడు క్లాస్ నీది. శ్రావణం పోయేదాక చూస్త. తర్వాత మా చెల్లె బిడ్డను పిలిపించుకుంట."

చూశారా, ఒక్క మాట! ఏ తల్లయినా ఇట్టే అనేసే మాట, అది ముత్యమ్మ నోట్లోంచి రావాలి.

రుచిత దాన్ని అడగడానికి ఎన్ని ముహూర్తాలు పెట్టుకుని ఎన్ని తప్పించుకుందో! మార్కెట్‌కు పోయేటప్పుడు అనుకుంది, ఆటోలో మనుషులున్నారు. అన్నం తినేటప్పుడు అనుకుంది, నాన్న ఉన్నాడు. చివరికి తొట్టి దగ్గర మెంతికట్టలు కడుగుతూ, నీళ్లలోకి చూస్తూ అడిగేసింది.

"అమ్మా, ఇస్నాపూర్‌ల ఒక మేడం ఉన్నది. డ్యాన్స్ నేర్పుతది. నన్ను పిల్లలకు నేర్పుమంటున్నది. నువ్వొచ్చి ఒక్క మాట..."

"నేనొచ్చి ఏమనాలె?" ముత్యమ్మ చేతులు ఆగలేదు. "నా బిడ్డను మంచిగ ఎగిరియ్యిమని చెప్పాలెనా?"

"ఎగురుడు గాదమ్మా. పని అది."

"పనంటె గిది." ముత్యమ్మ ఒక కట్ట ఎత్తి దులిపింది. "దులిపితె మన్ను రాలాలె. నీ పనిల ఏం రాలుతది?"

"నీకు నా మీద గంత కోపమెందుకు?"

"కోపం గాదు. చూసేటోళ్ల కండ్లు నీకు తెల్వయి, నాకు తెలుసు."

"వాళ్ల కండ్లకు నా కాళ్లు కట్టేస్తవా?"

ముత్యమ్మ తడి చేతులు కొంగుకు తుడుచుకుని, "సుల్తాన్‌పూర్ కంపెనీల మీ నాయిన మాట్లాడిండు," అంది. "టోపీ వెట్టుకోని సిరంజీలు డబ్బల వెట్టుడే. బస్సు ఊర్లకే వస్తది. బోనాలు కాంగనే పోవాలె."

రుచిత కట్టను తొట్టిలోకి విసిరేసి గట్టు మీదుగా నడిచిపోయింది. ఆ రాత్రంతా టోపీ పెట్టుకున్న తనను తాను చూసుకుంటూ, కదలకుండా ఉండమని కాళ్లకు చెప్పుకుంటూ పడుకుంది. కాళ్లు వినలేదు.

బోనాల ఆదివారం వచ్చింది. పోచమ్మ గుడికి ఊరంతా బయలుదేరింది. ముత్యమ్మ నెత్తి మీద పసుపు పూసిన బోనం, దాని మీద దీపం. పక్కన రుచిత చేతిలో సాక చెంబు. సాక అంటే వేపాకు వేసిన పసుపు నీళ్లు. అమ్మవారు పూని ఎవరైనా శిగమూగితే కాళ్ల మీద ఆ నీళ్లు పోసి శాంతింపజేస్తారు. దారి పొడుగునా కిరాయి గదుల మిద్దెల మీద బీహారు, ఒడిశా కూలీలు నిలబడి చూస్తున్నారు. ముందు పోతరాజు, ఆయన వెనక డప్పులు.

డప్పులు, అదీ సంగతి. గుడి మలుపు దగ్గర వాళ్లు వరస మార్చి, దెబ్బ బిగించి తీన్‌మార్ ఎత్తుకున్నారు. రుచిత చెంబు అంచు మీద వేళ్లు బిగించింది. పళ్లు బిగించింది. ఇక బిగించడానికి ఏమీ మిగల్లేదు.

"అమ్మా, జెర పట్టు," అని చెంబు ముత్యమ్మ ఖాళీ చేతిలో పెట్టి, డప్పుల నడుమకు దూకింది.

అమ్మాయిలు చప్పట్లు కొట్టి వేసే రెండడుగుల ఆట కాదు అది. ఇంద్రజ మేడమ్ దగ్గర నేర్చింది, పొలంలో దాచుకుంది, సుల్తాన్‌పూర్ టోపీ మీద కసి, అన్నీ ఒక్కసారే బయటికొచ్చాయి. నేలకు కూర్చున్నంత కిందికి వంగి బొంగరంలా లేచింది. డప్పువాళ్లు ముసిముసిగా నవ్వుకుని వేగం పెంచారు. అందుకుంది. ఇంకా పెంచారు. వాళ్ల కంటే ఒక దెబ్బ ముందే పాదం వేసి వాళ్లనే తరిమింది. పోతరాజు కొరడా దించేసి పక్కకు జరిగాడు. జనం గుండ్రంగా విచ్చుకున్నారు. రుచితకు ఎవరూ కనిపించలేదు. ఊపిరి ఉంది, నేల ఉంది, అంతే. ఎన్నాళ్లకో ఆమె ఒళ్లు ఆమెకు దొరికింది.

ఆ తర్వాత ఈలలు మొదలయ్యాయి. ఫోన్లు లేచాయి. "ఒన్స్ మోర్!" అని మిద్దె మీంచి ఎవడో అరిచాడు.

"ఏయ్! ఎవలింటి పిల్లనే గిది!" జనాన్ని తోసుకుంటూ యాదన్న వస్తున్నాడు. దగ్గరికొచ్చి చూస్తే తమ్ముడి బిడ్డే. ఆయన ముఖం కందగడ్డ అయింది. "సిగ్గు శరం లేదానే! ఇంటి పేరు తీస్తున్నవ్!" అని చెయ్యెత్తాడు.

ఆ చెయ్యి దిగేలోపు ఒక కేక లేచింది.

"అమ్మొచ్చింది! జరుగుండ్రి! నా బిడ్డ మీదికి పోచమ్మ తల్లి వచ్చింది!"

ముత్యమ్మ! నెత్తిన బోనం తొణకకుండా, దీపం ఆరకుండా, ఒక్క అంగలో వచ్చి బావకూ బిడ్డకూ మధ్య నిలబడింది. చెంబెడు సాక రుచిత పాదాల మీద కుమ్మరించింది. యాదన్న చెయ్యి గాలిలోనే ఆగింది. ఏం చేయాలో ఆ చేతికి తోచలేదు. మెల్లగా రెండో చెయ్యి వచ్చి దాన్ని కలుసుకుంది. రెండూ కలిసి దండం అయ్యాయి.

"తప్పైంది తల్లీ," అన్నాడు యాదన్న.

ఇక చూడండి! ఈలలు ఆగిపోయాయి. ముసలమ్మలు వేపకొమ్మలతో చుట్టుముట్టారు. ఒకామె నుదుటికి పసుపు పులిమింది. పక్కింటి ఎంకమ్మ కాళ్ల మీద పడి, "ఏం గావాలె తల్లీ? ఏం తక్కువ జేసినం?" అని అడిగింది. రుచిత రొప్పుతూ నిలబడింది. "అడగకుండ్రి, తల్లి అలిసింది," అని ముత్యమ్మే బదులు చెప్పింది.

మర్నాడు పొద్దున యాదన్న తనే బోరు మోటరు వేసి, మొదటి నీళ్లు తమ్ముడి మళ్లకు వదిలాడు. ముత్యమ్మ గట్టు మీద నిలబడి చూసింది. ఇన్నేళ్లలో అలా జరగలేదు. దారిన పోయే ఆడవాళ్లు ఆగి, "ముత్తెమ్మక్కా, బాగున్నవా?" అని పలకరించారు.

రుచిత మాత్రం చాప మీద కూర్చుంది. అమ్మొచ్చిన మనిషి పొలంలో దిగొద్దన్నారు. కలుపు ముట్టొద్దు, ఎంగిలి తినొద్దు. ఏ పని లేకుండా కూర్చోవడమంటే ఆమెకు ఎలా ఉంటుందో మీకు చెప్పాలా? పసుపు రాసిన పాదాలు చాప అంచును గీరుతూనే ఉన్నాయి. గీరిన చోట చాప పోగులు లేచాయి.

సాయంత్రం యాదన్న వచ్చి గడప అవతలే కూర్చుని తీర్పు చెప్పాడు. "అమ్మొచ్చిన ఒళ్లు ఇది. ఇగ కంపెనీలు లేవు, క్లాసులు లేవు, పదిమందిల తిరుగుడు లేదు. ఏడాదికొక్కసారి తల్లి ముందట ఊగుతది. ఊరికి మంచిది." బాలరాజ్ గేటు తీసినట్టు తలూపాడు. ముత్యమ్మ లేచి లోపలికి పోయింది.

రుచిత ఉలిక్కిపడింది. నిన్నటిదాకా ఆడొద్దన్నారు. ఇప్పుడు ఏడాదికి ఒక్కనాడు, కళ్లు తేలేసి, ఎవరో ఆడించినట్టు ఆడమంటున్నారు!

గజాలా ఫోన్‌లో వీడియో పట్టుకుని వచ్చింది. వాకిట్లో మనుషులున్నారని నెత్తిన ఓణీ సర్దుకుని, చెవిలో గుసగుసలాడింది. "మేడంకు చూపించిన. ఫుల్ నవ్వింది. మీ దేవత నా స్టెప్పులు ఎప్పుడు నేర్చింది అన్నది. నవ్వినంక ఒక మాటన్నది. ఆ పిల్ల దేవతనా, టీచరా, జల్దీ తేల్చుకోని రమ్మను అన్నది."

"ఎట్ల తేల్చుకోవాలెనే? మా అమ్మ నిజంగ నమ్మింది."

"మీ అమ్మను అడిగినవా?"

అడగలేదు. నమ్మిన మనిషిని అడిగేదేముంది అనుకుంది. కానీ ముత్యమ్మలో ఏదో తేడా ఉంది. అన్నం కెలికి వదిలేస్తోంది. చీకటితోనే లేచి పోచమ్మ గుడికి పోయి దీపం పెట్టి వస్తోంది. ఎవరైనా "నీ కడుపు చల్లగుండ, తల్లి నీ ఇల్లు ఎతుక్కుంట వచ్చింది," అంటే ముఖం తిప్పుకుంటోంది.

ఇక ఉండలేక, దిగొద్దన్న మడిలోకే దిగింది రుచిత. ముత్యమ్మ తోటకూర కోస్తోంది.

"అమ్మా, నాకు ఏ అమ్మ రాలే."

కొడవలి ఆగలేదు. "తెలుసు."

"ఏంది?"

"నాకు తెల్వదా? నీ పెదాలు కదులుతున్నయి. ఒకటి, రెండు, మూడు అని గొణుక్కుంటున్నవ్. అమ్మోరు లెక్క వెడ్తదా?"

రుచిత గట్టు మీద కూలబడింది. ఆ గుంపులో, ఆ డప్పుల్లో, నెత్తి మీద బోనం పెట్టుకుని వాళ్లమ్మ తన పెదాలు చూసింది!

"మరి ఎందుకు అరిసినవ్?"

"అరవకుంటె మీ పెద్దనాయిన నడిబజార్ల జుట్టువట్టి ఈడ్చెటోడు. గా పోరగాండ్లు అది గుడ ఫోన్ల వట్టెటోళ్లు." ముత్యమ్మ చేతిలో కొడవలి ఆగింది. "నోటికొచ్చింది అనేసిన. తల్లి పేరు వెట్టి అబద్ధమాడిన. బోనం నెత్తి మీద ఉండంగ ఆడిన. ఇగ నాకు కంటి మీద కునుకు లేదు. తల్లి నన్నేం జేస్తదో, నిన్నేం జేస్తదో."

"నన్ను బందీ చేసినవమ్మా. ఆయన కొట్టినా మంచిగుండె. కొడితె రెండు దినాలు నొస్తది, అయిపోతది."

"అవునే, నీకు అంతే. నిన్ను కొడితె నాకెట్లుంటదో నీకేం తెలుసు?"

"స్టేజీ మీదికెళ్లి దింపినప్పుడు తెలుసుకున్నవా నువ్వు, నాకెట్లున్నదో?"

ఇద్దరూ రొప్పుతున్నారు. ఇన్నేళ్లలో మోటరు, గోనె, కట్టలు కాకుండా వాళ్లు మాట్లాడుకున్నది ఇదే మొదలు. అదీ కొట్లాటే. ఆ తర్వాత ఎవరి మానాన వాళ్లు కోశారు. తోటకూర మొదళ్లు చూస్తే ఎవరు కోసిందీ తెలుస్తుంది, రుచిత కోసినవి ఎగుడుదిగుడు.

ఈ అబద్ధం ఏడాది పాటు నిలిచేదేమో. ఎంకమ్మ మనవడికి జ్వరం రాకపోతే.

పిల్లవాడిని భుజాన వేసుకుని ఎంకమ్మ పొద్దున్నే వచ్చింది. వాడి కళ్లు సగం మూతలు పడి ఉన్నాయి. పెదాలు ఎండిపోయాయి. నీళ్ల వంతు సంగతి మాట్లాడటానికి వచ్చిన యాదన్న కూడా వాకిట్లోనే ఉన్నాడు.

"తల్లీ, నీ చేతితోని బండారి పెట్టు," అంది ఎంకమ్మ, పసుపు పొట్లం విప్పుతూ. "ఉడుకు దిగుతలేదు. నువ్వు పెడితె దిగుతది."

రుచిత వాడి ఒంటి మీద చెయ్యి వేసి వెంటనే తీసేసింది. కాలిపోతోంది. "ఎంకవ్వా, దవాఖానకు తీస్కపో. ఇప్పుడే పో."

"నువ్వుండంగ దవాఖాన ఎందుకు తల్లీ? ముందుగల నువ్వు పెట్టు. సాయంత్రం దాక చూసి పోతం."

సాయంత్రం దాకా! రుచిత పొట్లం వైపు చూసింది. పెడితే ఎంకమ్మ ఇంటికి పోతుంది. వాడిని పడుకోబెట్టి, తల్లి పేరు తలుచుకుంటూ సాయంత్రం దాకా కూర్చుంటుంది. పెట్టకపోతే?

"నాకు అమ్మ రాలే అవ్వా," అంది. గొంతు కీచుగా వచ్చింది. మళ్లీ గట్టిగా అంది. "నాకు అమ్మ రాలే! నేను డ్యాన్స్ చేసిన. ఇస్నాపూర్‌ల నేర్సుకున్న డ్యాన్స్ అది. నా చేతిల ఏం లేదు. పిల్లగాన్ని దవాఖానకు తీస్కపో."

ఎంకమ్మ బిత్తరపోయి ముత్యమ్మ వైపు తిరిగింది. యాదన్న లేచి నిలబడ్డాడు.

"ముత్తెమ్మా, ఏమంటుంది గీ పిల్ల? నువ్వే గదా అన్నది, అమ్మొచ్చిందని?"

ముత్యమ్మ వాకిలి నడుమ నిలబడింది. ఒక్క మాట చాలు, "తల్లి పోయినంక దానికి యాది ఉండది బావా" అంటే సరిపోతుంది. అందరూ నమ్ముతారు. మొదటి నీళ్లు మళ్లకొస్తాయి, దారిన పోయేవాళ్లు అక్కా అంటారు. రుచితకు అమ్మ ఆ మాటే అంటుందని అనిపించింది. కాళ్లు పారిపోవడానికి సిద్ధమయ్యాయి.

"అవు బావా, నేనే అన్న," అంది ముత్యమ్మ. "అబద్ధమన్న. నా బిడ్డ ఎగిరింది. నువ్వు కొట్టనీకి వస్తున్నవని అట్లన్న."

"తల్లి పేరు మీద? నాతోని దండం పెట్టిపిస్తివా?"

"పెట్టిపిచ్చిన. తప్పు నాది, దానిది గాదు."

యాదన్న తిట్టిన తిట్లు నేను రాయను. ఎంకమ్మ కూడా ఏడుస్తూ తిట్టింది. రుచిత ఆగి వినలేదు, ఎంకమ్మ భుజం మీంచి పిల్లవాణ్ని తీసుకుని, చెప్పులు లేకుండా రోడ్డు మీదికి పరుగెత్తింది. ముత్యమ్మ ఆమె వెనకే పరుగెత్తి, పటాన్‌చెరు పోయే ఆటోకు అడ్డం నిలబడి ఆపింది. ఆటోలో ఎంకమ్మ దారంతా ఇద్దరినీ శాపనార్థాలు పెడుతూనే ఉంది. సర్కారు దవాఖానలో సెలైన్ ఎక్కించారు. మధ్యాహ్నానికి పిల్లవాడు కళ్లు తెరిచి బిస్కెట్ అడిగాడు. ఎంకమ్మ తిట్లు ఆపింది గానీ, వాళ్లతో మాట్లాడలేదు.

ఊరు మాట్లాడలేదు. నీళ్ల వంతు మళ్లీ వెనక్కి పోయింది, ఇదివరకటి కంటే వెనక్కి. కొత్తిమీర వాడి తలలు వేలేసింది. అక్కా అన్నవాళ్లు ముఖం పక్కకు తిప్పుకుని పోయారు. బాలరాజ్ గేటు డ్యూటీకి రోజూ కంటే ముందే వెళ్లిపోతున్నాడు. శ్రావణం పోవడానికి ఇంకా ఎన్నో రోజులు లేవు. రుచిత ఏమీ అడగలేదు. అడగడానికి ఏ ముఖం పెట్టుకోవాలో తెలియలేదు. పొలంలో అటు నుంచి ఇటు, ఇటు నుంచి అటు ఊరికే నడిచింది.

ఒక పొద్దున ముత్యమ్మ తల స్నానం చేసి, ఒక్కతే చిన్న బోనం ఎత్తుకుని పోచమ్మ దగ్గరికి పోయింది. డప్పు లేదు, తోడు లేదు. వచ్చాక కుండ కింద పెట్టి చాలాసేపు గడప మీద కూర్చుంది.

"తప్పొప్పుకున్న," అంది చివరికి. "తల్లి ఏమనలే."

రుచిత పక్కన నిలబడింది.

"ఏడుంటదే గా మేడం?"

"ఇస్నాపూర్‌ల. ఎందుకు?"

"నడువు. ఊర్ల మంచి పేరన్నది పోనే పోయింది. పోయిన దానికి కాపలెందుకు? అబద్ధమాడి నిన్ను కాపాడుడు నాతోని గాదు. మల్లొకసారి అబద్ధమాడితె నేను సస్త." చెంగుతో ముఖం తుడుచుకుంది. "అట్లని నేను కుశీగ ఒప్పుకున్ననని అనుకోకు. నాకిప్పటికి నచ్చలే."

"నేననుకోలే."

"అనుకోకు మరి."

ఇంద్రజ మేడమ్ ఎదురొచ్చి కుర్చీ వేసింది. ముత్యమ్మ కూర్చోలేదు. గోడలకు ఉన్న అద్దాల్లో తనను తాను నాలుగు దిక్కులా చూసుకుని, కొంగు సర్దుకుని, "పంపుత," అంది. అప్పు తీర్చినట్టు విసురుగా అంది. "పొద్దుగాల కూర కోసి ఆటో ఎక్కిచ్చినంకనే వస్తది. చెప్తున్న. దాని మీద ఎవలన్న ఈల వేస్తె నాకు చెప్పాలె. నేనే వస్త."

"ఈలలు నేను చూసుకుంటనమ్మా," అంది మేడమ్.

పటాన్‌చెరులో క్లాసు మొదలైంది. ముత్యమ్మ కూరగంప మెట్ల కింద పెట్టి, కూతురిని దింపిపోదామని వచ్చి, పోకుండా తలుపు దగ్గరే నిలబడింది. లోపల బుడ్డ పిల్లలు వరసలు కట్టారు. ఎవరి చెయ్యి ఎటు పోతోందో ఎవరికీ తెలియదు. రుచిత చెమటలు కక్కుతూ ఒకరి మోచెయ్యి సర్దితే ఇంకొకరి కాలు తప్పుతోంది. తనకు వచ్చినంత సులువుగా ఇంకొకరికి రాదన్నది ఆమెకు ఆ పూటే తెలిసింది. పిల్లల మీద విసుక్కుంది, తన మీద తను విసుక్కుంది. పాట మళ్లీ మొదటికి తిప్పింది.

"గా ఎర్ర గౌను పోరి ఎడమ కాలు ఎయ్యమంటె కుడి ఏస్తున్నది చూడు!" తలుపు దగ్గర్నుంచి ముత్యమ్మ గట్టిగా అంది. "గట్లనేనా నేర్పుడు?"

పిల్లలందరూ తిరిగి చూశారు. వరసలన్నీ చెడిపోయాయి.

"అమ్మా, నువ్వు జెర కిందికి పో!" అని అరిచింది రుచిత.

"పోత తియ్," అంది ముత్యమ్మ. పోలేదు.